చెయ్యి బెత్తెడు కదిలితే బాణం బారెడు పోతుందేం?

కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌ను అలా కొంచెం జరుపుతారు. తెర మీది బాణం ఒక్క గెంతులో కుడి అంచుకు వెళ్ళి కూర్చుంటుంది. వెనక్కి తెద్దామని చెయ్యి ఇటు తిప్పేసరికి ఎడమ అంచుకు చేరుతుంది. మీకు కావలసిన బొమ్మేమో మధ్యలో ఉంది. దాని మీదుగా బాణం పదిసార్లు పోతుంది, ఒక్కసారీ ఆగదు! ఇంకో కంప్యూటర్ దగ్గర కథ దీనికి పూర్తిగా తలకిందులు. మౌస్‌ను బల్ల చివరిదాకా జరిపినా బాణం నత్తలా పాకుతుంది. మౌస్‌ను ఎత్తి, వెనక్కి పెట్టి, మళ్ళీ మళ్ళీ జరపాలి.

ఇలాంటప్పుడు చాలామంది పిల్లలు "నా చేతికి నిలకడ లేదు, నాకిది రాదు" అనుకుంటారు. వారానికి ఒకటో రెండో పీరియడ్లు మాత్రమే కంప్యూటర్ దొరికే బడిలో, ఒక్కొక్క యంత్రం ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే చోట, అలా అనుకున్నవాళ్ళు మెల్లిగా మౌస్‌ను పక్కవాళ్ళకు ఇచ్చేసి చూస్తూ ఉండిపోతారు. ఇది అన్యాయం. ఎందుకంటే తప్పు చాలాసార్లు చేతిలో ఉండదు. చేతికీ తెరకూ మధ్య జరిగే ఒక గుణకారంలో ఉంటుంది. ఆ గుణకారం ఎక్కడ జరుగుతుందో తెలిస్తే దాన్ని మనమే దిద్దుకోవచ్చు.

ముందుగా ఒక చిన్న సంగతి గమనించండి. మౌస్‌ను బల్ల మీంచి పైకెత్తి గాలిలో అటూ ఇటూ తిప్పి మళ్ళీ బల్ల మీద ఇంకో చోట పెట్టండి. బాణం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? బాణం తెర మీద ఎక్కడుందో మౌస్‌కు తెలియదన్నమాట! తను బల్ల మీద ఎక్కడుందో కూడా దానికి తెలియదు. "ఇప్పుడే కుడికి 12 అడుగులు, పైకి 3 అడుగులు వేశాను" అని మాత్రమే అది కంప్యూటర్‌కు చెబుతుంది. మామూలు మౌస్ ఇలాంటి కబురు సెకనుకు 125 సార్లు పంపుతుంది. ఈ బుల్లి అడుగుకు కంప్యూటర్ పనివాళ్ళు సరదాగా "మిక్కీ" అని పేరు పెట్టుకున్నారు. ఏ ఎలుకను తలుచుకుని పెట్టారో మీకు చెప్పనక్కరలేదు కదా!

అడుగులు లెక్కపెట్టడం ఎలా?

మొట్టమొదటి మౌస్ ఒక చెక్కపెట్టె. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దీన్ని ఊహించగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1964లో తయారుచేశాడు. దాని అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చక్రాలుండేవి. ఒక చక్రం అడ్డంగా ఎంత కదిలిందో, రెండోది నిలువుగా ఎంత కదిలిందో చెప్పేది. మీరు గ్రాఫు కాగితం మీద ఎక్స్, వై అక్షాలు గీస్తారే, అదే లెక్క. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సమావేశంలో ఎంగెల్‌బార్ట్ దీన్ని అందరి ముందూ పనిచేయించి చూపించాడు.

తరవాత చక్రాల స్థానంలో బంతి వచ్చింది. రబ్బరు పూత వేసిన బంతి బల్ల మీద దొర్లుతూ లోపలున్న రెండు చిన్న రూళ్ళను తిప్పేది. ఆ రూళ్ళకు మకిలి పట్టిందంటే బాణం జారేది, ఆగేది, ఉన్నచోటే తచ్చాడేది. అప్పటి విద్యార్థులకు బంతి బయటికి తీసి రూళ్ళ మీది మట్టి గోటితో గీకడం బాగా అలవాటు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది బహుశా కాంతితో పనిచేసే మౌస్. దాన్ని తిరగేసి చూడండి. చిన్న కన్నం కనిపిస్తుంది. చాలావాటిలో ఎర్రటి వెలుగు కూడా ఉంటుంది. (ఆ వెలుగు కేసి కళ్ళు పెట్టి అదేపనిగా చూడకండి.) ఆ వెలుగు బల్ల మీద ఏటవాలుగా పడుతుంది. సాయంకాలపు ఎండలో నేల మీది చిన్న గులకరాయికి కూడా పొడుగాటి నీడ పడుతుంది చూడండి. అలాగే మనకు నున్నగా కనిపించే బల్ల మీది సన్నటి ఎగుడుదిగుళ్ళన్నిటికీ నీడలు పడతాయి. కన్నంలో దాగిన ఒక బుల్లి కెమెరా ఆ నీడలను ఫోటోలు తీస్తుంది. 1999లో ఏ మేజోడు అక్కర లేకుండా ఏ బల్ల మీదనైనా నడిచే ఇలాంటి మౌస్ మొదటిసారిగా బజారులోకి విరివిగా వచ్చినప్పుడు, ఆ కెమెరా ఒక్కొక్క ఫోటోలో చాలా కొద్ది చుక్కలు మాత్రమే చూసేది. కానీ సెకనుకు 1,500 ఫోటోలు తీసేది!

ఫోటోలు తీసి ఏం చేస్తుంది? అమ్మ చీర మీద చిన్న కన్నం చేసిన అట్టముక్క పెట్టి, ఆ కన్నంలోంచి చూస్తూ అట్టను కుడికి జరపండి. చీర మీది పూలు ఎడమకు జరిగినట్టు కనిపిస్తాయి. పువ్వు ఎంత జరిగిందో చూసి అట్ట ఎంత కదిలిందో మీరు చెప్పగలరు. మౌస్ లోపలి చిప్ చేసేదీ ఇదే. ముందటి ఫోటోనూ ఇప్పటి ఫోటోనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎంత జరిపితే రెండూ కలుస్తాయో వెతుకుతుంది. గళ్ళూ పూలూ లేని తెల్లటి గుడ్డ మీద అట్ట జరిపితే మీకు ఏమీ తెలియదు కదా? గాజుబల్ల మీద మామూలు మౌస్ తికమక పడటానికి కారణం అదే. దానికి పట్టుకోవడానికి ఒక్క నీడా దొరకదు.

గుణకం దాగిన చోట్లు

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక అంగుళం జరిపితే మౌస్ ఎన్ని అడుగులు లెక్కపెడుతుంది? అన్ని మౌసులూ ఒకే లెక్క చెప్పవు. పాతవాటిలో 400 అడుగులది మామూలుగా ఉండేది. ఈనాటి సాధారణమైన మౌసులు 800, 1,000, 1,200 అడుగులు లెక్కపెడతాయి. ఆటల కోసం చేసినవి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతాయి. పెట్టె మీద దీన్ని "డీపీఐ" అని రాస్తారు.

తెర కూడా చుక్కల మయమే. వాటిని పిక్సెళ్ళంటారు. సాధారణమైన తెరకు అడ్డంగా 1,920 చుక్కలున్నాయనుకుందాం. ఒక అడుగుకు బాణం ఒక చుక్క జరుగుతుందనుకుంటే, 1,000 అడుగుల మౌస్‌తో తెర ఈ అంచునుంచి ఆ అంచుకు పోవడానికి 1.92 అంగుళాలు, అంటే 4.9 సెంటీమీటర్లు చాలు. బెత్తెడైనా లేదు! అదే తెరకు 400 అడుగుల పాత మౌస్ తగిలిస్తే 12 సెంటీమీటర్లు జరపాలి. 3,200 అడుగుల మౌస్‌కైతే ఒకటిన్నర సెంటీమీటరు. తెర అదే, చెయ్యి అదే, కంప్యూటర్ అదే. మౌస్ మారింది, అంతే. అందుకే కొత్త మౌస్ తెచ్చిన రోజున బాణానికి పిచ్చెక్కినట్టు అనిపిస్తుంది.

మౌస్ మార్చకుండా తెర మార్చినా ఇలాగే అవుతుంది. వెనకటి 640 చుక్కల తెర మీద ఆ 400 అడుగుల మౌస్‌కు 4 సెంటీమీటర్ల ప్రయాణమే ఉండేది. అదే మౌస్ పెద్ద తెర ముందుకు వస్తే మందకొడి అనిపించుకుంటుంది.

సైకిల్‌తో పోల్చి చూడండి. పెడల్ దగ్గరి పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనక చక్రం దగ్గరి దానికి 16 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. చదును రోడ్డు మీద ఇది హాయి. సంతలో జనం మధ్య నెమ్మదిగా పోవాలంటే ఇదే ఇబ్బంది. మౌస్ అడుగులకూ తెర చుక్కలకూ మధ్య కూడా ఇలాంటి పళ్ళచక్రం ఒకటుంది. అది ఇనుముతో చేసింది కాదు, కంప్యూటర్ లోపల ఉన్న ఒక అంకె. విండోస్ అనే వ్యవస్థలో మౌస్ అమరికల పెట్టె తెరిస్తే 11 గీతలున్న పట్టీ ఒకటి కనిపిస్తుంది. సరిగ్గా మధ్యనున్న ఆరో గీత దగ్గర గుణకం 1. అంటే ఒక అడుగుకు ఒక చుక్క. కుడివైపు చివరి గీత దగ్గర అది 3.5. ఎడమవైపు మొదటి గీత దగ్గర 32లో ఒకటో వంతు. (కొత్త విండోస్ సెట్టింగ్స్ పేజీలో ఇదే పట్టీకి 1 నుంచి 20 దాకా అంకెలుంటాయి. అక్కడి 10, ఇక్కడి ఆరో గీత ఒకటే.)

ఈ రెండు చివరలకూ ఎంత తేడా ఉందో లెక్కకట్టండి. 1,000 అడుగుల మౌస్, 1,920 చుక్కల తెర తీసుకుందాం. కుడి చివర పెడితే 1.4 సెంటీమీటర్లు జరపగానే తెర దాటిపోతుంది. ఎడమ చివర పెడితే 156 సెంటీమీటర్లు జరపాలి! మీ బడిలో అంత పొడుగు బల్ల ఉందేమో చూడండి. మీ ముందు కూర్చున్నవాడు ఆ పట్టీని ఏదో ఒక చివరకు లాగి వెళ్ళిపోయి ఉంటే, ఆ బాధంతా మీ చేతి చేతకానితనంలా కనిపిస్తుంది.

పట్టీని బాగా కుడికి లాగడంలో ఇంకో చిక్కుంది. గుణకం 3.5 అయితే బాణం ఒక్కొక్క అడుగుకు మూడు నాలుగు చుక్కల చొప్పున గెంతుతుంది. మధ్య చుక్కల మీద అది ఆగనే లేదు. బొమ్మలు గీసేటప్పుడు సన్నగీత మెట్లుమెట్లుగా వస్తుంది. కాబట్టి మౌస్ నెమ్మదిగా ఉందనిపిస్తే, ఎక్కువ అడుగులు లెక్కపెట్టే మౌస్‌ను వాడటమే మేలు. అది దొరకనప్పుడు ఒకటి రెండు గీతలు కుడికి జరపడంలో తప్పు లేదు.

నిలకడ లేని గుణకం

గుణకం ఒకటే అయితే సమస్య ఇక్కడితో తీరిపోయేది. కానీ మన చేతికి రెండు పనులున్నాయి. దూరంగా ఉన్న బొమ్మ దాకా చప్పున పోవాలి. దగ్గరికి వెళ్ళాక దాని మీద సరిగ్గా ఆగాలి. గోలీలాటలో దూరపు గోలీని కొట్టే దెబ్బ వేరు, గుంత అంచునున్న గోలీని లోపలికి తట్టే దెబ్బ వేరు. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చేతి కదలికలను కొలిచి ఒక సూత్రం చెప్పాడు. గురి ఎంత దూరమైతే అంత సమయం ఎక్కువ, గురి ఎంత చిన్నదైతే అంత సమయం ఎక్కువ అని. 1978లో స్టూవర్ట్ కార్డ్, బెట్టీ బర్ అనే ఇద్దరితో కలిసి, చెక్క మౌస్ చేసిన ఆ ఇంగ్లిష్‌గారే ఈ సూత్రాన్ని మౌస్‌కు పెట్టి చూశారు. వారు పరీక్షించిన సాధనాల్లో మౌసే అన్నిటికంటే చురుకైనదని తేలింది.

ఈ రెండు పనులనూ ఒకే మౌస్‌తో సుఖంగా చేయించాలని ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. చెయ్యి నెమ్మదిగా కదిలితే గుణకం తగ్గుతుంది, వేగంగా కదిలితే పెరుగుతుంది. విండోస్‌లో దీని పేరు "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్". మామూలుగా ఇది ముందే టిక్కు పెట్టి ఉంటుంది. చాలామంది దీన్ని త్వరణం అంటారు. భౌతికశాస్త్రంలో మీరు చదువుకునే త్వరణం మాత్రం ఇది కాదు. వేగాన్నిబట్టి గుణకం మారడమే ఇక్కడి త్వరణం.

మీ కంప్యూటర్‌లో ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం. రెండు లావుపాటి పుస్తకాలను మౌస్‌కు చెరోపక్కా గోడల్లా నిలపండి. వాటి మధ్య మౌస్ అటూ ఇటూ కదలడానికి 2 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. మౌస్‌ను ఎడమ పుస్తకానికి ఆనించి, బాణం తెర మధ్యకు వచ్చేలా సర్దుకోండి. అది ఏ బొమ్మ మీద ఉందో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మౌస్‌ను చాలా నెమ్మదిగా కుడి పుస్తకం దాకా జరపండి. తరవాత చటుక్కున ఎడమ పుస్తకం దాకా వెనక్కి లాగండి. చెయ్యి బయలుదేరిన చోటికే వచ్చింది. మరి బాణం? అది కూడా మొదటి చోటికే వస్తే గుణకం స్థిరంగా ఉన్నట్టు. అక్కడ ఆగకుండా ఎడమకు దాటిపోతే త్వరణం పనిచేస్తున్నట్టు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. మధ్యలో బాణం తెర అంచుకు తగలకూడదు. అంచుకు తగిలాక మౌస్ చెప్పే అడుగులన్నీ వృథాయే, కంప్యూటర్ వాటిని లెక్కలోకి తీసుకోదు. తగులుతుంటే ఖాళీని సెంటీమీటరుకు తగ్గించండి.

త్వరణం మంచిదా, చెడ్డదా? చిన్న బల్ల మీద పెద్ద తెరతో పనిచేసేవారికి అది మేలే చేస్తుంది. ఆటలాడేవారూ బొమ్మలు గీసేవారూ దాన్ని తీసేస్తారు. ఎంత జరిపితే ఎంత పోతుందో చేతికి గుర్తుండాలని వారి కోరిక. కొత్తగా నేర్చుకునేవారి విషయంలో నా అభిప్రాయం అడిగితే, మొదటి కొన్ని వారాలు తీసేసి ఉంచడమే మంచిది. చేతికి ఒకే నిష్పత్తి అలవాటయ్యాక కావాలంటే మళ్ళీ పెట్టుకోవచ్చు.

సరే, బాణం అసలు చేతికి చిక్కడం లేదు. అమరికల పెట్టె తెరవడానికే మౌస్ కావాలి కదా, ఎలా? కీబోర్డు చాలు. విండోస్ గుర్తున్న మీటను పట్టుకుని "ఆర్" నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలతో ఎం, ఏ, ఐ, ఎన్, ఒక చుక్క, సి, పి, ఎల్ అని ఖాళీలు లేకుండా కొట్టి "ఎంటర్" నొక్కండి. మౌస్ పెట్టె తెరుచుకుంటుంది. "కంట్రోల్" మీటను పట్టుకుని "ట్యాబ్" రెండుసార్లు నొక్కితే "పాయింటర్ ఆప్షన్స్" పుట వస్తుంది. ట్యాబ్ నొక్కుతూ పోతే పట్టీ దగ్గరికి చేరతారు. అక్కడ కుడి ఎడమ బాణపు మీటలతో ఒక్కొక్క గీతా జరపవచ్చు. త్వరణపు టిక్కును తీయడానికీ పెట్టడానికీ స్పేస్ మీట నొక్కాలి. లైనెక్స్ వాడే కంప్యూటర్లలో కూడా సెట్టింగ్స్‌లో మౌస్ పేరుతో ఇలాంటి పట్టీ ఉంటుంది.

పట్టీని ముట్టుకునే ముందు ఒకటి చూడండి. బాణం నిన్నటిదాకా బాగుండి, ఉన్నట్టుండి ఇవాళ వేగం మారిందా? అయితే మౌస్ చక్రం వెనక చిన్న బొత్తాం ఏమైనా ఉందేమో చూడండి. కొన్ని మౌసుల్లో ఆ బొత్తాం నొక్కినప్పుడల్లా అంగుళానికి లెక్కపెట్టే అడుగులు మారిపోతాయి. 800 నుంచి 1,600కు, అక్కడినుంచి మరో మెట్టుకు, చివరికి మళ్ళీ మొదటికి. వేలు పొరపాటున తగిలి ఉంటుంది. మళ్ళీ నొక్కుతూ పోతే పాత వేగం దొరుకుతుంది. దీనికోసం కంప్యూటర్ విప్పించినవాళ్ళూ ఉన్నారు!

బాణం వేగంగానూ లేదు, నెమ్మదిగానూ లేదు, ఉన్నచోటే వణుకుతోంది లేదా అప్పుడప్పుడు గెంతుతోంది అంటే అది వేగపు జబ్బు కాదు, చూపు జబ్బు. మౌస్‌ను తిరగేసి కన్నంలో వెంట్రుక గాని, దూది పోగు గాని ఉందేమో చూసి మెల్లిగా ఊది తీసేయండి. బల్ల మరీ నున్నగా మెరుస్తుంటే మౌస్ కింద ఒక మామూలు తెల్లకాగితం వేసి చూడండి. మనకు కాగితం నున్నగా కనిపిస్తుంది గాని, మౌస్ కంటికి దాని నారలు అడవిలా కనిపిస్తాయి. కాగితం వేయగానే బాణం బుద్ధిగా నడిస్తే జబ్బు దొరికినట్టే.

తీగ లేని మౌస్ అయితే బ్యాటరీ నీరసించినా బాణం ఆగి ఆగి నడుస్తుంది. ఇంకో వింత కారణం కూడా ఉంది. తీగ లేని మౌసులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో మాట్లాడతాయి. కంప్యూటర్ మీద లోపల నీలం రంగుండే వేగవంతమైన యూఎస్‌బీ రంధ్రాలు పనిచేస్తున్నప్పుడు, వాటినుంచి అదే ప్రాంతంలో కొంత రేడియో రొద పుడుతుంది. పెళ్ళి మేళం పక్కన నిలబడి రహస్యం చెప్పినట్టన్నమాట! మౌస్ తాలూకు బుడిపెను వాటికి దూరంగా ఇంకో రంధ్రంలో పెట్టండి, లేదా చిన్న పొడిగింపు తీగతో ముందుకు తెచ్చి పెట్టండి. మౌస్, తీగ, బల్ల అన్నీ బాగుండి కూడా బాణం ఆగి ఆగి గెంతుతుంటే కంప్యూటరే ఏదో పెద్ద పనిలో మునిగి ఉండవచ్చు. అప్పుడు వేగం పట్టీ జరిపి లాభం లేదు.

చివరగా, మీ మౌస్ అంగుళానికి ఎన్ని అడుగులు వేస్తుందో మీరే కొలవవచ్చు. త్వరణం టిక్కు తీసేయండి. పట్టీని ఆరో గీత మీద పెట్టండి. తెర స్కేలింగు 100 శాతం ఉండాలి. ఇప్పుడు పెయింట్ తెరిచి, బొమ్మ కాగితాన్ని తెర నిండా వచ్చేంత పెద్దది చేయండి. బాణం ఎక్కడుందో చెప్పే రెండు అంకెలు కింది అంచున కనిపిస్తాయి. స్కేలును బల్లకు అంటించి, మౌస్‌ను దాని వెంట సరిగ్గా ఒక అంగుళం జరపండి. మొదటి అంకె ఎంత మారిందో అదే మీ మౌస్ అడుగుల లెక్క. ఒక అంగుళానికే బాణం కాగితం దాటిపోతుంటే అర అంగుళం జరిపి రెండుతో హెచ్చవేయండి. మౌస్ కాస్త వంకరగా ఉన్నా లెక్క తగ్గుతుంది కాబట్టి దాన్ని స్కేలుకు తిన్నగా పట్టుకోవాలి. అయిదారుసార్లు కొలిచి సగటు తీసి, మౌస్ పెట్టె మీద గాని అడుగున గాని అంకె ఉంటే దానితో పోల్చి చూడండి. తరవాత పక్క కంప్యూటర్ మౌస్ తెచ్చి ఇదే కంప్యూటర్‌కు తగిలించి కొలవండి.